మేక ముట్టని మొక్క

మా నాయిన నర్సరీ పెట్టకముందు మేకలు కాసేవాడు. అత్వెల్లి దాటాక మేడ్చల్ రోడ్డు పక్కన, ఒకప్పుడు మేకల కొట్టం ఉన్న జాగాలోనే ఇప్పుడు నా నర్సరీ ఉంది. మేకలను ఎప్పుడో అమ్మేశాం గాని మేకల ఆలోచన మా బుర్రల్లోంచి పోలేదు. కొత్త రకం మొక్క ఏది దిగినా నాయిన రెండు ఆకులు తుంచి, పక్క చేనులో మేస్తున్న మేక మూతి దగ్గర పెట్టేవాడు. మేక నమిలిందంటే ఆయన మొహం చిన్నబోయేది. మూతి తిప్పుకుందంటే ఆ రోజు మా ఇంట్లో పండగే.

"గీ మొక్క బంగారం బిడ్డా. మేకనే ముట్టలేదంటే ఇగ దీన్ని ఏ జీవం ముట్టది. కంచె వద్దు, కావలి వద్దు," అనేవాడు.

ఊళ్లలో కొనేవాళ్లకు కావలసిందీ అదే. ప్లాటు హద్దుకు, బడి గోడకు, బావి గట్టుకు మేక ముట్టని మొక్క కావాలి. గన్నేరు అలాగే అమ్మాం, పచ్చగన్నేరు అలాగే అమ్మాం, సైకస్ అలాగే అమ్మాం. మేక ఎందుకు ముట్టదో మాత్రం ఎవరమూ అడగలేదు. అవి విషం, అందుకే ముట్టదు. మేకకు ఆ సంగతి పుట్టుకతోనే తెలుసు. సోఫా మీద పడుకుని ఫ్యాన్ గాలికి పెరిగిన కుక్కకు తెలియదు. ఇంత చిన్న తేడా నా తలకెక్కడానికి ఒక కుక్క చావాల్సి వచ్చింది, ఒక మనిషి నోటికాడి కూడు పోవాల్సి వచ్చింది.

నాయిన పోయాక నర్సరీ నా చేతికొచ్చింది. అప్పటికి కొనేవాళ్లు మారిపోయారు. శామీర్‌పేట వైపు విల్లాలు లేచాయి. వాటిలోంచి కార్లలో దిగేవాళ్లు మొక్కతో పాటు కుండీ, కుండీతో పాటు దాని కింద పెట్టే పళ్లెం, ఆ పళ్లానికి రంగు కూడా అడుగుతారు. కుక్కలను ముందు సీట్లో కూర్చోబెట్టుకొచ్చి, "నాన్నా, కిందికి దిగకు, కాళ్లకు మట్టి అవుతుంది," అంటారు. నాకు ఒళ్లు మండేది. మా ఇంట్లో కుక్క అంటే గడప బయట పడుకునేది, మిగిలింది తినేది, అడ్డమొస్తే కాలితో తన్నించుకునేది. నేనేమీ గొప్పగా చెప్పుకోవడం లేదు. పెంపుడు కుక్కల వాళ్లంటే నాకు కడుపులో ఎంత వెటకారం ఉండేదో తెలియాలని చెబుతున్నాను. నాకు మొదటినుంచీ నోరు దురుసు, మనసు అంతకంటే దురుసు.

అలా వచ్చిన వాళ్లలో ఒక మేడం ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. భర్త వేరే ఊళ్లో. ఇంట్లో ఆమె, తేనె రంగు లాబ్రడార్ పిల్ల, అంతే. మాట్లాడటానికి ఇంకెవరూ లేరేమో, నాతో గంటలు గంటలు మాట్లాడేది. ఒకసారి హాల్లో పెట్టుకోవడానికి సైకస్ ఏరుకుంది. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. కింద అనాసపండంత గడ్డ, పైన గొడుగులా ఆకులు.

"మా కుక్కపిల్ల ఏది కనబడితే అది నమిలేస్తుందండి. దీనితో ఏమీ కాదు కదా?" అని అడిగింది.

"మేక కూడా ముట్టదు మేడం. కుక్కెందుకు ముడుతుంది?" అన్నాను.

రోజుకు పదిసార్లు అనే మాటే. పైగా మంచి గిరాకీ కదా అని దోసెడు ఎముకల పొడి తెచ్చి, గడ్డ చుట్టూ మట్టిలో కలిపి ఊరికే ఇచ్చాను. మొక్క బలంగా వస్తుందని అందరికీ అలాగే ఇస్తాం. ఆ పొడి వాసన తగిలితే కుక్కలు ఎగబడతాయని నాకు తెలుసు. సంచులను షెడ్డులో ఎత్తుగా, రేకుల కింద కట్టిపెట్టేది అందుకే. తెలిసిన సంగతి అవసరమైనప్పుడు గుర్తు రాకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం.

నెల తిరగకుండానే ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది. కుక్కపిల్ల తెల్లారినప్పటి నుంచి వాంతులు చేసుకుంటోందట. మేడ్చల్‌లో జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఏం తిన్నదో తెలిస్తే మందు సరిగ్గా వేయొచ్చు, ఇంట్లో ఏమేం మొక్కలున్నాయో కనుక్కోండి అన్నాడట డాక్టరు. పనామెతో ఫోటోలు తీయించి నాకు పంపుతున్నానని, ఏది విషమో చెప్పమని బతిమాలింది. గొంతు వణుకుతోంది.

ఆ సమయంలో నా ముందు ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఆ విల్లాల కమిటీ వాళ్లే. గేటు దగ్గర నుంచి లోపలి దాకా రోడ్డుకు రెండు వైపులా సైకస్‌లు పెట్టించాలని వచ్చి, వరసలో ఉన్న కుండీలను వేలు పెట్టి చూపిస్తున్నారు. నాకు అంత పెద్ద గిరాకీ అంతకు ముందెప్పుడూ తగల్లేదు.

ఫోటోలు ఒక్కొక్కటే వచ్చాయి. మొదట మనీప్లాంట్. దాన్ని నమిలితే నోరు మండి చొంగ కారుతుంది గాని ప్రాణం పోదు. కాదు అని రాశాను. తర్వాత డైఫెన్‌బాకియా, తెల్లమచ్చల పెద్ద ఆకులది. దాని పాలు తగిలితే నాలుక వాచిపోతుందని మా కూలీలకు కూడా తెలుసు. కుక్కకు నాలుక వాచిందా అని అడిగాను, లేదంది. కాదు అన్నాను. కలబంద. తింటే కడుపు జారుతుంది, అంతే. కాదు. నాలుగోది సైకస్.

కుండీలో మట్టి సగం బయటికి తోడి ఉంది. గడ్డకు ఒక పక్క చెక్కు లేచిపోయి, తెల్లటి గుజ్జు మీద పంటి గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వెంటనే ఫోన్ మోగింది.

"దీన్ని కొరికిందండి, చూశారా? పనామె కూడా అదే అంటోంది. దీనివల్లేనా?"

నాకు రెండేళ్ల కిందటి నల్లకుక్క గుర్తొచ్చింది. నర్సరీలో తిరిగే ఊరకుక్క. ఒకసారి దిగుమతి చేసిన సైకస్ గడ్డలను తవ్వి నమిలింది. మూడో రోజుకు కళ్లు పచ్చబడి, కాళ్లు కొట్టుకుని చచ్చింది. ఎవరో మందు పెట్టి ఉంటారన్నాడు నాయిన. అవునన్నాను. కాలువలో పారేశాం. గడ్డ సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఎత్తితే ఆ సరుకు ఏం చేయాలి?

అదంతా ఒక్క క్షణంలో గుర్తొచ్చింది. కమిటీ పెద్దమనిషి నా వైపే చూస్తున్నాడు.

"అది ఎముకల పొడి వాసనకు తవ్వింది మేడం. గడ్డతో ఏం కాదు. మేక కూడా ముట్టదని చెప్పాను కదా," అన్నాను. నా గొంతు కొంచెం కూడా తడబడలేదు.

ఐదో ఫోటో వచ్చింది. పెరట్లో గులాబి రంగు గన్నేరు. నడుమెత్తు పెరిగింది. పూలు పూసింది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"మా పనామె తెచ్చిందండి వాళ్ల ఊరి నుంచి. పూజకు పూలు కావాలంటే కొమ్మ తెచ్చి నాటింది."

"ఇంకేం మరి. గన్నేరు పచ్చి విషం మేడం. ఎవర్నడిగినా చెప్తారు. డాక్టరుకు గన్నేరు అని చెప్పండి."

నేను అబద్ధం ఆడలేదు చూడండి. గన్నేరు విషమే. ఆకు, పువ్వు, కొమ్మ, అన్నీ విషమే. మా ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా ఆ పేరు వింటేనే నమ్మకం కుదురుతుంది. అందుకే దాన్ని పట్టుకున్నాను. గిరాకీ పోతుందన్న భయం ఒక్కటే కాదు. నా మొక్కను తప్పు పట్టడానికి వచ్చిన ఆ వణికే గొంతు మీద నాకు కసి కూడా కలిగింది. కుక్కే కదా అనుకున్నాను. ఫోన్ పెట్టేసి, కమిటీ వాళ్లకు టీ చెప్పాను.

గన్నేరు గుండెను పడుతుంది. సైకస్ కాలేయాన్ని పడుతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. డాక్టరు గన్నేరు అన్న మాట నమ్మి ఆ రోజంతా కుక్కపిల్ల గుండె చూస్తూ కూర్చున్నాడు. గుండె బాగానే ఉంది. మర్నాటికి దాని కళ్లు, చిగుళ్లు పచ్చబడ్డాయి. మేడం మళ్లీ ఫోన్ చేసి, "గన్నేరేనంటారా? ఖచ్చితంగానా?" అని అడిగింది. నా సైకస్‌లు అప్పుడే లారీకి ఎక్కుతున్నాయి. "గన్నేరే మేడం," అన్నాను. మూడో రోజు సాయంత్రం కుక్కపిల్ల చనిపోయింది. ముక్కులోంచి, నోట్లోంచి రక్తం కారిందని, చివర్లో తనను గుర్తు పట్టలేదని మెసేజ్ పెట్టింది. నేను దండం పెట్టే బొమ్మ పంపించాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పది రోజుల తర్వాత ఒక ఆడమనిషి నర్సరీకి నడుచుకుంటూ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. దేవరయాంజాల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, రోడ్డు మీద దిగి, ఎండలో నడిచి వచ్చింది. మొక్కల వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడింది.

"నేను ఆ మేడం ఇంట్ల పని చేసేదాన్ని అక్కా. గన్నేరు తెచ్చినదాన్ని," అంది.

మేడం వాళ్ల విల్లాల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టిందట. పనామె విషపు చెట్టు తెచ్చి ఇంట్లో నాటిందని, కావాలని తెచ్చిందో తెలియక తెచ్చిందో దేవుడికే తెలుసని, అందరూ జాగ్రత్తగా ఉండమని. ఆమె అక్కడ మూడిళ్లలో చేసేది. మూడిళ్ల వాళ్లూ ఒకే రోజు మాన్పించారు. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు.

"నువ్వొక్క ఫోన్ చెయ్యి అక్కా. ఆ కుక్క నా గన్నేరు ముట్టలే. నీ కుండీల గడ్డ కొరికింది. నేను నా కండ్లతోని సూసిన. ఫోటోలు తీసిననాడే మేడంకు చెప్పిన. నర్సరీ ఆమె కాదన్నది, నీకేం ఎరుక అన్నది. నువ్వు చెప్తె ఇంటది."

ఆమె అడిగింది అంతే. ఒక్క ఫోన్. డబ్బు అడగలేదు, తిట్టలేదు. తిడితే నాకు సులువుగా ఉండేది. నేను కుండీల్లో కలుపు తీస్తూనే ఉన్నాను.

"గన్నేరు విషం కాదా?" అన్నాను.

"విషమే. మా ఊర్ల అందరి ఇండ్ల ముంగట ఉన్నది. ఇన్నేండ్లల్ల ఏ కుక్క సావలే."

"కుక్క గడ్డ కొరుకుతాంటె కండ్లతోని సూసినవా?"

"సూసిన."

"మరి ఎందుకు ఆపలే?"

ఆమె నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలిందని నాకు తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. వాదనలో గెలిచినప్పుడు కలిగే హాయి.

"ఉరికొచ్చి గుంజిన అక్కా," అంది చిన్నగా. "కొడుకా వద్దురా అని నోట్లకెల్లి తీసిన. అయితె కొన్ననాడే నువ్వు ఏం గాదన్నవంట గద, మేడం చెప్పింది. అందుకే ఊకున్న."

నేను మళ్లీ కలుపు మీదికి వంగాను. ఆమె వెళ్లిపోయింది. ఆ కుక్కపిల్లకు రోజూ పెరుగన్నం కలిపి పెట్టింది ఆమేనని, చనిపోయిన రోజు గుంత తవ్వింది కూడా ఆమేనని నాకు తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. గుంత తవ్వించుకున్నాక మేడం మెసేజ్ పెట్టిందన్నమాట.

ఆమె వెళ్లిన రెండు రోజులకు నేను మేడ్చల్‌లో ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, గడ్డకూ చావుకూ సంబంధం లేదని ఆయన అంటాడేమోనన్న ఆశతో. నర్సరీ దాన్నని చెప్పి, ఫోటో చూపించి, దీన్ని కుక్క తింటే ఏమవుతుందని అడిగాను. ఆయన ఫోటో చూసి కళ్లజోడు తీసేశాడు.

"తేనె రంగు లాబ్రడార్. ఇదే తిన్నదా? వాళ్లు గన్నేరన్నారమ్మా. ముందే తెలిసుంటే వెంటనే కక్కించి, బొగ్గు మందు తాగించి, కాలేయానికి సెలైన్లు మొదలుపెట్టేవాణ్ణి."

"బతికేదా సార్?"

"బతికేదని చెప్పలేను. బతకదనీ చెప్పలేను."

నాకు కావలసిన జవాబు అది కాదు. ఆయన బల్ల వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంది. పెంపుడు జంతువులకు హాని చేసే మొక్కలు. సైకస్, గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, డైఫెన్‌బాకియా, మనీప్లాంట్, కలబంద. మా నర్సరీ రేట్ల పట్టిక చదువుతున్నట్టే ఉంది. పిల్లులకైతే లిల్లీ పూలు మరీ ప్రమాదమట. పుప్పొడి ఒంటి మీద రాలితే పిల్లి నాక్కుంటుంది కదా, అది చాలు కిడ్నీలు పోవడానికి అన్నాడు. నేను అంతకు ముందు వారమే, ఇద్దరు పిల్లలూ రెండు పిల్లులూ ఉన్న ఒక ఇంటికి లిల్లీ కుండీలు పంపాను. ఆ ఇంటికి ఫోన్ చేసి, కుండీలు వెనక్కి తీసుకున్నాను. అంటే ఫోన్ చేయడం నాకు చేతకాక కాదు. ఆ ఒక్క ఫోనే చేయలేకపోయాను.

పనామె మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అదే అడిగింది. రెండోసారి నేను లోపల ఉండి లేనని చెప్పించాను. మూడోసారి, "ఎన్నిసార్లు చెప్పాలె? నా గిరాకీ టైముల పరేషాన్ చెయ్యకు," అని గట్టిగా అరిచాను. కొనేవాళ్లు తిరిగి చూశారు. ఆమె సిగ్గుపడి కొంగు నిండా కప్పుకుని వెళ్లింది. తప్పు చేసింది నేను, సిగ్గుపడింది ఆమె. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు. మనసు ఎంత గడ్డకట్టుకుపోగలదో నాకు నన్ను చూశాకే తెలిసింది.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆమె ఏమీ అడగలేదు. షెడ్డు నీడలో కింద కూర్చుంది. నీళ్లు అడిగి తాగింది. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఏమైందని అడిగాను, ఎందుకో.

"ఇంటి ముంగట గన్నేరు కొట్టేసిన అక్కా. మా అత్త పెట్టిన చెట్టు. గుడికి పూలు దానియే పోయేటియి. మొదలు లావున్నది, గొడ్డలి సాగలే."

"ఎందుకు కొట్టినవ్?"

"మా ఆడబిడ్డ బిడ్డది ఫంక్షన్ అయింది నిన్న. వడ్డిస్తాన. బగారన్నం గంజు నా చేతిల ఉన్నది. మా ఆడబిడ్డ అత్త వచ్చి గరిటె గుంజుకున్నది. నువ్వు కూసో అన్నది. ఎందుకంటే, అందరు భయపడుతుండ్రు, నీ చేతి కూడు వద్దంటుండ్రు అన్నది. ఇండ్లల్ల కుక్కకు మందు పెట్టినదని ఊర్ల చెప్పుకుంటుండ్రంట." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "పని పోతె పాయె. అత్వెల్లి కాడ ఇటుకలు మోస్తున్న. కూలి దొరుకుతుంది. గానీ నా చేతి కూడు వద్దంటె నేనేం జెయ్యాలె అక్కా?"

ఈ మనిషినే నేను మొన్న, ఎందుకు ఆపలేదని అడిగాను. ఇప్పుడు తల ఎత్తి ఆమె మొహం చూడలేకపోయాను.  నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది, ఆ మాటను ఇంకో రకంగా చెప్పడం నాకు రాదు.

"రేపు పొద్దున రా. మేడం దగ్గరికి పోదాం. నేను చెప్తా," అన్నాను.

మర్నాడు ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వచ్చింది. తల దువ్వి, పూలు లేకుండా జడ వేసుకుంది. స్కూటీ వెనక ఎక్కించుకుని శామీర్‌పేట దాకా తీసుకెళ్లాను. విల్లాల గేటు దగ్గర దిగాం. వాచ్‌మన్ నన్ను లోపలికి వదిలాడు, ఆమెను ఆపాడు. "ఉండన్నా, నేనీడనే ఉంట. ఇయ్యాల మేడం గ్రూపుల పెడ్తది, నువ్వే సూస్తవ్," అని అతనికి చెప్పింది. గ్రూపులో అతను కూడా ఉన్నాడు. నేను పంపిన సైకస్‌ల మధ్యలోంచి లోపలికి నడిచాను. అన్నీ బాగా పట్టుకున్నాయి. కొత్త ఆకు వేశాయి.

మేడం నన్ను చూసి సంతోషపడింది. ఎరువు కోసం నేనే ఫోన్ చేద్దామనుకున్నానండి అంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. గడ్డ అని చెప్పాను. నాకు అప్పుడే తెలుసని చెప్పాను. కమిటీ వాళ్లు ఎదురుగా ఉన్నారని చెప్పాను.

"ఫోటో పంపించాను కదండీ మీకు," అంది.

"పంపించారు."

"పంటి గాట్లు ఉన్నాయని కూడా చెప్పాను."

"చెప్పారు మేడం."

ఆమె చాలాసేపు ఏడ్చింది. చెంప మీద కొడుతుందేమోనని చూశాను. కొడితే బాగుండేది. మూలన కుక్కపిల్ల పరుపు ఇంకా అలాగే ఉంది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని వచ్చి నాకు గ్లాసుతో నీళ్లిచ్చింది.

"పనామె గేటు దగ్గర ఉంది మేడం. గ్రూపులో ఒక్క మాట పెట్టండి చాలు. తప్పు నర్సరీదని పెట్టండి. నా నర్సరీ పేరే పెట్టండి," అన్నాను.

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. తెర వైపు చూస్తూ కూర్చుంది. ఏదో టైపు చేసింది, చెరిపేసింది.

"ఇప్పుడెలా పెట్టమంటారండి?" అంది చివరికి. "మిగతా ఇళ్ల వాళ్లు నా మాట మీదే మాన్పించారు. ఇప్పుడు కాదంటే, కనుక్కోకుండా పెట్టేసిందని నన్నంటారు. పైగా రోడ్డంతా అవే మొక్కలు. విషం అంటే కమిటీ వాళ్లతో గొడవ. వచ్చే నెల నేను కూడా కమిటీలోకి వెళ్తున్నాను."

"మరి ఆమె?"

"ఇంకెక్కడైనా దొరుకుతుందిలెండి పని. కొత్తమ్మాయి ఇక్కడ బాగానే చేస్తోంది. అయినా ఎంత కాలం గుర్తుంచుకుంటారు ఎవరైనా?"

"ఆ సైకస్‌నన్నా తీసుకుపోతాను మేడం."

ఆమె హాలు మూలకు చూసింది. గడ్డ కొరికిన పక్క గోడకు తిప్పి పెట్టి ఉంది.

"ఉండనివ్వండి. హాల్లోకి బాగుంది. ఇప్పుడు కుక్క లేదు కదా."

నా నోటి సంగతి మీకు తెలుసు. ఇంకెవరన్నా ఆ మాట అని ఉంటే అక్కడే కడిగి పెట్టేదాన్ని. ఆమెను ఏమీ అనలేకపోయాను. ఆ రోజు ఫోన్ పట్టుకుని నేను లెక్కేసుకున్నవే ఆమె ఇప్పుడు లెక్కేసుకుంది, అదే వరసలో. నన్ను నేనే తిట్టుకోవాలి, అంతే. నీళ్లు తాగి గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను.

గేటు దాకా నడుస్తూ, వాచ్‌మన్ ముందే గట్టిగా చెప్పేద్దామనుకున్నాను. కుక్కను చంపింది ఈ రోడ్డు పక్కన నిలబెట్టిన మొక్కేనని, అమ్మింది నేనేనని. అతను నలుగురికీ చెబుతాడు, గ్రూపు అక్కర్లేదు. చెబితే సాయంత్రానికల్లా సైకస్‌లన్నీ పీకి నా నర్సరీ ముందు పోస్తారు. రెండు వైపులా వాటినే చూసుకుంటూ నడిచాను.

ఆమె వాచ్‌మన్ గది పక్కన నిలబడి ఉంది. అతని చేతిలో ఫోన్ ఉంది. ఇద్దరూ దానిలోకే చూస్తున్నారు.

"చెప్పినవా అక్కా?"

"చెప్పిన."

"ఏమన్నది? ఏడ్సిందా?"

"ఏడ్సింది."

"పాపం," అంది ఆమె. ఆమె కళ్లు కూడా తడిశాయి. "పిల్లలెక్క సాదుకున్నది దాన్ని. గ్రూపుల పెడ్తనన్నదా?"

వాచ్‌మన్ తలెత్తి నా వైపు చూశాడు. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది.

"ఆ. పెడ్తనన్నది," అన్నాను.

అతను వేలితో ఫోన్‌ను కిందికి జరిపి చూశాడు. మళ్లీ జరిపాడు. "ఇంక రాలే," అన్నాడు.

"ఈడ నెట్టు మస్తు స్లో ఉంటది అక్కా," అంది ఆమె, నేను తొందరపడుతున్నాననుకుని నాకే సర్దిచెబుతూ. "జర ఆగి సూద్దాం."

"ఆగుదాం," అన్నాను.